ఒక్క శాతం కోసం రెండొందల కిలోమీటర్లు

చెరకు తూకం, వడ్ల తేమ, గడియారం నడక... అన్నిటి గుట్టూ గోరంత విడిభాగాల్లోనే ఉంటుంది. వాటిలో మంచివి ఏరుకోవాలంటే బోధన్ కుర్రాళ్లు ఇప్పటికీ హైదరాబాద్ కోఠీ సందుల దారి పట్టాల్సిందే!

గోధుమరంగు, నలుపు, ఎరుపు, బంగారం... ఒంటిమీద వరసగా నాలుగు గీతలు. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్ద ఒళ్లు, రెండు పక్కలా రెండు తీగల కాళ్లు. దాని పేరు రెసిస్టర్. రేడియో విప్పినా టీవీ విప్పినా గుంపులు గుంపులుగా కనిపిస్తుంది. మొదటి మూడు గీతలూ దాని విలువ వెయ్యి ఓములని చెబుతాయి. చివరి బంగారు గీత మాత్రం ఓ హెచ్చరిక. 'వెయ్యి అన్నాం కదాని నమ్మేయకండి, తొమ్మిది వందల యాభై నుంచి వెయ్యీ యాభై దాకా ఎంతయినా ఉండొచ్చు' అని దానర్థం. అంటే ఐదు శాతం అటూ ఇటూ. ఆ చివరి గీత గోధుమరంగులో ఉంటే తేడా ఒక్క శాతమే. ఊదారంగైతే శాతంలో పదోవంతు. బంగారం కన్నా గోధుమరంగుకు విలువెక్కువ ఉన్న చోటు లోకంలో ఇదొక్కటేనేమో!

చిన్న ఊళ్లో రేడియో మెకానిక్కు దగ్గర బంగారు గీతవి అడిగితే డబ్బాలోంచి గుప్పెడు తీసి ఇస్తాడు. గోధుమ గీతవి అడిగితేనే చిక్కు. అతనికి వాటితో పనిపడదు మరి. కాలింగ్ బెల్లుకు, టేప్ రికార్డరుకు, ఎమర్జెన్సీ లైటుకు ఐదు శాతం తేడా ఓ తేడానే కాదు. తేడా తెలిసొచ్చేది కొలిచే వస్తువును తయారుచేసినప్పుడు. బోధన్ ప్రాంతంలో కొలత అనేది చిన్న విషయం కాదు. ఈ ఊరు బతికిందే కొలతల మీద.

చక్కెర ఊరు... కొలతల ఊరు

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లు కాలువల్లో పారి బోధన్ నేలను చెరకు తోటలుగా మార్చాయి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్న ఫ్యాక్టరీ అది. చెరకు బండి గేటు దాటగానే మొదట పలకరించేది కాటా. ఆ తర్వాత ప్రయోగశాల. చక్కెర మిల్లుల్లో రసంలో తీపి ఎంతో నాలుకతో చూసి చెప్పరు. పోలారీమీటరు అనే గొట్టంలో రసం పోసి, దానిగుండా కాంతిని పంపి, ఆ కాంతి ఎన్ని డిగ్రీలు పక్కకు తిరిగిందో చూసి చెబుతారు. తిప్పేది చక్కెరే. ఎంత చక్కెర ఉంటే అంత తిప్పుతుంది. కాటా దగ్గర కిలోల లెక్క, ప్రయోగశాలలో డిగ్రీల లెక్క. రెండూ చివరికి రూపాయల లెక్కలే.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తగ్గి వరి పెరిగింది. కొలతలు మాత్రం రైతును వదల్లేదు. ఇప్పుడు వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర తేమ మీటరు ఉంటుంది. తేమ 17 శాతం లోపుంటే మద్దతు ధరకు తీసుకుంటారు. పదిహేడున్నర చూపిస్తే కుప్ప మళ్లీ ఎండలో ఆరాలి. ఈలోపు వాన పడితే... ఆ బాధ పడ్డవాళ్లకే తెలుసు. చాలా రకాల తేమ మీటర్లలో పనిచేసేది ఓ చిన్న కెపాసిటర్ సూత్రమే. రెండు లోహపు పలకల మధ్య గింజలు పోస్తే అవి ఎంత విద్యుత్తును నిలవచేస్తాయో చూస్తుంది. ఈ గుణంలో నీటి అంకె దాదాపు 80. ఎండు గింజది అయిదు లోపే. కాబట్టి కాస్త తడి పెరిగినా మీటరుకు తెలిసిపోతుంది. ఆ మీటరులోని విడిభాగాలే ఎండకు విలువ మార్చుకుంటే? గింజలో లేని తేమను అది చూపించగలదు, ఉన్నదాన్ని దాచనూగలదు. అందుకే మంచి మీటర్లలో ఉష్ణోగ్రతను కూడా చూసి లెక్క సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది.

కాటాదీ అదే కథ. లారీలు తూచే వేబ్రిడ్జి కింద లోడ్‌సెల్ అనే ఉక్కు దిమ్మలుంటాయి. బరువు పడితే ఉక్కు కంటికి కనిపించనంత వంగుతుంది. దానికి అతికించిన సన్నని రేకు సాగుతుంది. సాగితే దాని నిరోధం మారుతుంది. ఆ మార్పే వోల్టేజీగా బయటికొస్తుంది. ఎంతనుకున్నారు? పది వోల్టులు ఇస్తే, కాటా మోయగలిగినంత బరువూ మోసినప్పుడు మామూలుగా వచ్చేది 20 మిల్లీవోల్టులు. గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లులో ఉండేది 1,500 మిల్లీవోల్టులు. 40 టన్నుల కాటా పది కిలోల తేడాను కూడా చూపించాలంటే ఈ 20 మిల్లీవోల్టులను నాలుగు వేల ముక్కలు చేయాలి. ఒక్కో ముక్క వోల్టులో పది లక్షల వంతులు అయిదు! ఆ పని చేసే సర్క్యూట్లో ఐదు శాతం రెసిస్టరు వేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

నిజానికి ఐదు శాతం తేడాను ఒకసారి సరిచేసి మరచిపోవచ్చు. తెలిసిన బరువు పెట్టి, స్క్రూ తిప్పి, అంకె కుదుర్చుకుంటే చాలు. అసలు శత్రువు ఎండ. మామూలు కార్బన్ రెసిస్టరు ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో మూడు నాలుగు వందల వంతులు మారడం కద్దు. పొద్దున ఇరవై డిగ్రీలున్నప్పుడు సరిచేసిన తూకం మధ్యాహ్నం నలభై డిగ్రీలకు దాదాపు ముప్పాతిక శాతం తప్పుతుంది. పది టన్నుల బండి మీద అది డెబ్భై అయిదు కిలోలు. అదే మెటల్ ఫిల్మ్ రెసిస్టరైతే మార్పు వంద వంతులో, యాభై వంతులో. డెబ్భై అయిదు కిలోలు కాస్తా ఇరవైకో, పదికో తగ్గుతుంది. రెండు రెసిస్టర్ల ధరలో తేడా మాత్రం పైసల్లోనే!

అసలైన కాటాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఇంట్లో చేసుకున్నదాంతో అమ్మకం, కొనుగోలు చేయకూడదు. సరదాకు, చదువుకు, బండి బయల్దేరే ముందు తన సరుకు ఎంతో తెలుసుకోవడానికి చేసుకుంటే అడిగేవాళ్లు ఉండరు. పాఠశాల పిల్లల ఇన్‌స్పైర్ ప్రాజెక్టులు, పాలిటెక్నిక్ విద్యార్థుల నమూనాలు, బాసర ట్రిపుల్ ఐటీ కుర్రాళ్ల ప్రయోగాలు ఈ కోవలోవే. ఇన్‌స్పైర్‌కు ఎంపికైన పిల్లల ఖాతాలో పది వేల రూపాయలు పడతాయి. డబ్బు ఖాతాలోకి వచ్చినంత తేలిగ్గా సామాను చేతికి రాదు.

గల్ఫ్ పెట్టెలు నేర్పిన విద్య

నిజామాబాద్ జిల్లాలో ఎలక్ట్రానిక్స్ సరదాకు అసలు గురువులు గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన పెట్టెలు. దుబాయ్ నుంచో, మస్కట్ నుంచో వచ్చే అన్నయ్య సామానులో టూ ఇన్ వన్ ఉండాల్సిందే. రెండు మూడేళ్లకు అది మూగబోయేది. విప్పి చూస్తే లోపల జపాన్ నంబర్ల ట్రాన్సిస్టర్లు. ఇక్కడ దొరికేవేమో యూరప్ నంబర్లవి. 'సీ945 లేదు, బీసీ547 వేసెయ్' అనే మాట పుట్టింది అలాగే. పని ఒకటే కాబట్టి వేసేవారు. వేశాక పొగ వచ్చేది! ఎందుకంటే బీసీ547కు మూడు కాళ్ల వరస కలెక్టర్, బేస్, ఎమిటర్. జపాన్ దానికి ఎమిటర్, కలెక్టర్, బేస్. కాళ్లు మెలితిప్పి అమర్చుకోవాలని ఒకటి రెండు కాల్చాకగానీ తెలిసేది కాదు. ఏ నంబరుకు ఏది బదులో చెప్పే లావుపాటి డేటా పుస్తకం ఉన్న మెకానిక్కుకు ఆ రోజుల్లో బజారులో డాక్టరంత గౌరవం.

ఇప్పుడా పుస్తకం ఫోనులోకి వచ్చేసింది. మెకానిక్కు దుకాణాల్లో చాలావాటి ముందు సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. పాడైన పరికరం పారేసి కొత్తది కొనడం అలవాటయ్యాక విడిభాగాలు నిలవపెట్టుకునేవాళ్లు తగ్గారు. అందుకే దారి హైదరాబాద్ వైపే.

జేబీఎస్ టు గుజరాతీ గల్లీ

బోధన్ నుంచి నిజామాబాద్‌కు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి హైదరాబాద్‌కు కామారెడ్డి, మేడ్చల్ మీదుగా 175 కిలోమీటర్ల దాకా. వెరసి రెండొందలు. రైలూ ఉంది. చక్కెర కోసం వేసిన బోధన్ పట్టాలు జానకంపేట దగ్గర పెద్ద లైనులో కలుస్తాయి. అయినా ఒక్కరోజులో వెళ్లి రావాలనుకునేవాళ్లు ఎక్కువగా నమ్ముకునేది బస్సునే.

ఇదివరకు సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్లో దిగాక కోఠీ చేరడమే మరో ప్రయాణం. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్, ఎంజీబీఎస్ మధ్య మెట్రో మొదలయ్యాక ఆ బాధ తీరింది. పరేడ్ గ్రౌండ్ దగ్గర ఎక్కితే చిక్కడపల్లి, నారాయణగూడ దాటి సుల్తాన్‌బజార్. అక్కడి నుంచి నడకే. ఓ పక్క బ్రిటిష్ రెసిడెన్సీ పాత భవనం ఉన్న మహిళా విశ్వవిద్యాలయం, మరోపక్క చీరల బేరాలు, పాత పుస్తకాల గుట్టలు. వాటిని దాటి బ్యాంక్ స్ట్రీట్ పక్క సందుల్లోకి తిరిగితే గుజరాతీ గల్లీ.

రెండు స్కూటర్లు ఎదురుపడితే మూడో మనిషి గోడకు అతుక్కోవాలి. సందంతా దుకాణాలే. ఒక్కోటీ చిన్న గదంత. గోడ కనిపించదు, చిన్నచిన్న సొరుగులే కనిపిస్తాయి. స్పీకర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, సోల్డరింగ్ తీగ చుట్టలు, రంగురంగుల వైర్లు, సీసీ కెమెరాలు, రిమోట్లు... వాటి మధ్యే ఎక్కడో ఓ పాలిథీన్ కవరులో గోధుమ గీత రెసిస్టర్లు. ఇళ్లకు వైర్లు, స్విచ్చులు కావాలనుకునేవారు పక్కనున్న ట్రూప్‌బజార్‌కు పోతారు. ఇక్కడికి వచ్చేవాళ్ల చేతిలో చీటీ ఉంటుంది. కౌంటరు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు, జిల్లాల మెకానిక్కులు, లిఫ్టులు బాగుచేసేవాళ్లు భుజాలు రాసుకుంటూ నిలబడి ఉంటారు.

భాష హైదరాబాదీ ఉర్దూ, తెలుగు కలగలుపు. బోధన్ కుర్రాడికి అది కొత్త కాదు. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపించే ఊరే వాళ్లది. బేరం ఇలా నడుస్తుంది.

''ఏం గావాలె తమ్మీ?''

''వన్ కే, వన్ పర్సెంట్ ఉన్నదా సేఠ్?''

''వన్ పర్సెంట్ ఏం జేస్తవ్? ఫైవ్ పర్సెంట్ తీస్కపో. పని నడుస్తది.''

''నడవది సేఠ్. కాటాకు ఎయ్యాలె.''

ఆ చివరి మాటతో సేఠ్ చూపు మారుతుంది. స్టూలు ఎక్కి పై సొరుగు లాగుతాడు. ఏ పనికో చెప్పగలిగినవాడికి ఈ గల్లీలో మర్యాద వేరు. చెప్పలేనివాడికి ఏది ముందుంటే అదే చేతిలో పెడతారు. ఇది మోసం కాదు, రద్దీ.

అందుకే అనుభవజ్ఞులు చీటీ రాయడాన్నే ఓ విద్యగా చూస్తారు. 'టెంపరేచర్ సెన్సరు ఒకటి' అని రాస్తే ఏదో ఒకటి వస్తుంది. ఎల్ఎం35 అని రాయాలి. చివరన ఏ అక్షరాలున్నాయో అవీ రాయాలి, కచ్చితం ఎంతో చెప్పేది తోకలోని ఆ అక్షరాలే కాబట్టి. బోర్డుకు రంధ్రాలు వేసి పెట్టే కాళ్లదా, పైన అతికించే బుల్లిదా అన్నదీ రాయాలి. ఆ ఒక్క మాట రాయనందుకు చీమంత చిప్పులు కొనుక్కుని కామారెడ్డి దాటాక కవరు విప్పి తల పట్టుకున్నవాళ్లు బోలెడుమంది. పాతది కాలిపోయి ఉంటే దాన్నే తీసుకెళ్లి చూపించడం అన్నిటికన్నా మేలు. చాలా దుకాణాలు మూసి ఉండే ఆదివారం కాకుండా వెళ్లాలి. అన్నిటికీ ఒకటో రెండో ఎక్కువే కొనాలి. మరో రూపాయి రెసిస్టరు కోసం మళ్లీ బస్సు ఛార్జీ ఎవరు పెట్టుకుంటారు? ''ఇంత చిన్నదానికి ఇంత దూరం పోయొచ్చినవా?'' అని ఇంట్లో అమ్మ అడిగే ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరికీ సరైన జవాబు దొరకలేదు.

ఏరుకోవడంలో కిటుకు

ఒక్క శాతంవి దొరకనే లేదు. అప్పుడు? పాతకాపులకు ఓ ఉపాయం తెలుసు. ఐదు శాతంవే వంద కొనడం, మల్టీమీటరు పెట్టి ఒక్కోటీ కొలిచి, సమానంగా ఉన్నవాటిని ఏరి పెట్టుకోవడం. రాళ్లు ఏరినట్టు సాయంత్రమంతా కూర్చుంటే నాలుగు జతలు తేలతాయి.

ఇందులో ఓ తిరకాసు ఉంది. చవకరకం మల్టీమీటరే ముప్పాతిక శాతమో, ఒక శాతమో తప్పు చూపిస్తుంది. దాంతో ఒక్క శాతం కచ్చితాన్ని ఎలా కొలుస్తాం? నిజమే. అది 'వెయ్యి' అని చూపిస్తే నిజంగా వెయ్యని నమ్మలేం. కానీ రెండు రెసిస్టర్లకు ఒకే అంకె చూపిస్తే, అవి రెండూ సమానమని మాత్రం నమ్మొచ్చు. మీటరు తప్పు రెండింటికీ ఒకటే కదా! వంకర త్రాసుతోనైనా రెండు బెల్లం ముక్కలు సమానమో కాదో చెప్పగలిగినట్టన్నమాట. లోడ్‌సెల్‌లో ఉండే నాలుగు చేతుల వంతెన లాంటి సర్క్యూట్లలో విలువ ఎంతన్నదాని కన్నా జోడు కుదరడమే ముఖ్యం. అలాంటి చోట్ల ఈ ఏరివేత అక్కరకొస్తుంది. అయితే ఎండకు మారే గుణం ఏరినంత మాత్రాన పోదు. పొద్దున కుదిరిన జోడు మధ్యాహ్నం విడిపోవచ్చు. మెటల్ ఫిల్మ్‌వి దొరికితే ఈ తంటా అంతా ఎందుకు అనేది అందుకే.

గడియారం స్ఫటికానిదీ ఇలాంటి కచ్చితమే. చేతి గడియారంలోని క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. వింత అంకెలా ఉంటుందిగానీ దాన్ని సగం, మళ్లీ సగం అంటూ పదిహేనుసార్లు చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది. సెకనుకు ఒక్క టిక్కు. ఆ ముక్క పది లక్షల్లో ఇరవై వంతులు తప్పితే రోజుకు సెకనున్నర పైన, ఏడాదికి పది నిమిషాలు తేడా. చేనుకాడి డ్రిప్పుకు టైమరు చేసేవాళ్లు మొదట్లో ఇదే దెబ్బ తింటారు. ఎండకూ చలికీ తనను తానే సరిదిద్దుకునే డీఎస్3231 లాంటి చిప్పు వేస్తే ఏడాదికి తేడా ఓ నిమిషం. కాకపోతే దాని నకళ్లూ బజారులో ఉన్నాయి.

రైతు మోటార్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో తెలంగాణలో బోరు దగ్గర ఆటో స్టార్టరు లేని చేను అరుదు. అర్ధరాత్రి టార్చి పట్టుకుని వెళ్లి పాముకాటుకో, షాకుకో బలైపోకుండా చాలామందిని కాపాడిన పెట్టె అది. అన్ని మోటార్లూ ఒక్కసారిగా తిరిగి ట్రాన్స్‌ఫార్మర్లు పేలిపోవడానికి కారణమూ అదే. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, నీళ్లు వృథా కాకుండా వాటిని తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. తీసేసిన పెట్టెల్లోని రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లు కొన్నాళ్లపాటు సరదా కుర్రాళ్లకు పండగ సామాను.

నకిలీని పట్టేదెలా?

విత్తనాల్లో నకిలీలు నిజామాబాద్ రైతుకు కొత్త కాదు. చిప్పుల్లోనూ ఉన్నాయి. పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్పు వీపు గీకి, నల్లరంగు పూసి, కొత్త నంబరు అచ్చేసి అమ్మే దందా ప్రపంచమంతటా ఉంది. గోళ్లరంగు తుడిచే అసిటోన్‌లో దూది ముంచి గట్టిగా రుద్దితే కొన్నిటి బండారం అక్కడే బయటపడుతుంది, నంబరు చెరిగిపోతుంది. అన్నీ అలా దొరకవు. డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సరు ఉంది. అసలుదైతే అర డిగ్రీకి మించి తప్పదు. దీనికి ఉన్నన్ని నకళ్లు మరి దేనికీ లేవంటారు. అవీ పనిచేస్తాయి, అంకె చూపిస్తాయి. నమ్మదగ్గ అంకా కాదా అన్నదే తేలదు. కోళ్ల ఫారంలోనో, పుట్టగొడుగుల గదిలోనో రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తే నష్టం ఎంతో పెంచేవాళ్లను అడగాలి. కొన్నది అసలుదో కాదో చూడాలంటే ఇంట్లోనే ఓ పరీక్ష ఉంది. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, అది మునగని మేరకు నీళ్లు పోసి, కలిపి, సెన్సరు అందులో ముంచాలి. సున్నా చూపించాలి. అర డిగ్రీ అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. రెండు చూపిస్తే కొన్నచోటికి తిరిగి వెళ్లడమే. బిల్లు తీసుకోని వాళ్లకు ఆ దారీ ఉండదు.

ఈ జాగ్రత్తలన్నీ ముందుగా వంటబట్టించుకున్నది హామ్ రేడియోవాళ్లు. సొంతంగా ట్రాన్స్‌మిటర్లు చేసుకుని దేశదేశాలతో మాట్లాడే సరదా వారిది. ఫ్రీక్వెన్సీ కాస్త జరిగినా పక్కవాళ్ల దారిలోకి వెళ్లిపోతారు. కాబట్టి స్ఫటికాలను, కెపాసిటర్లను ముత్యాల్లా ఏరుకుంటారు. వాళ్లకు హైదరాబాద్‌లో 1983 నుంచీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున వెళ్లిన హామ్ బృందం అండమాన్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు చేర్చింది వాళ్ల రేడియోలే.

హైదరాబాద్‌కు ఎలక్ట్రానిక్స్ గాలి సోకింది అంతకన్నా ముందే. 1967లో డాక్టర్ ఎ.ఎస్.రావు సారథ్యంలో ఈసీఐఎల్ మొదలైంది. ఈసీ టీవీ ఇంట్లో ఉండటం ఓ తరానికి హోదా. పాత పరికరాల ప్రేమికులకు నగరంలో ఇంకో రెండు తీర్థాలున్నాయి. గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత. అక్కడ దొరికేది అదృష్టాన్ని బట్టి. చీటీ రాసుకుని వెళ్లే చోట్లు కావవి.

బోధన్‌కు సరిహద్దు అవతల నాందేడ్ ఉంది. నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబయి, అక్కడ గ్రాంట్ రోడ్డు స్టేషను దగ్గర దేశానికే పేరుమోసిన లామింగ్టన్ రోడ్డు. చుట్టాలు భివండీలోనో ముంబయిలోనో ఉన్న ఇళ్లకు అదేమీ దూరం కాదు. పండక్కి వచ్చేవాళ్లతో చీటీ పంపి తెప్పించుకునే అలవాటూ ఉంది. చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకు ఎస్పీ రోడ్డు ఎలాగో ఈ ప్రాంతానికి కోఠీ, లామింగ్టన్ రోడ్డు అలాగ.

ఇంటర్నెట్లో దొరకవా? దొరుకుతాయి. పుణె, బెంగళూరు దుకాణాలు బోధన్‌కు కూడా కొరియరులో పంపుతాయి. ఆర్డినో బోర్డులు, మోటార్లు, సెన్సర్లు ఇప్పుడు ఎక్కువగా అలాగే వస్తున్నాయి. నాణ్యతకు హామీపత్రం కావాలంటే విదేశీ పంపిణీదారుల సైట్లున్నాయి. శాతంలో పదోవంతు రెసిస్టరు కూడా అక్కడ వేల రకాల్లో ఉంటుంది. చిన్న ఆర్డరుకు రవాణా ఖర్చు, పన్నులు కలిపితే కోడి కన్నా మసాలాకు ఎక్కువైనట్టు ఉంటుంది. అందుకే నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఒకే ఆర్డరు పెట్టుకుని పంచుకుంటారు. 2020 తర్వాత రెండేళ్లపాటు ప్రపంచమంతా చిప్పుల కరువు వచ్చినప్పుడు ఆ దారీ మూసుకుపోయింది. మామూలు మైక్రోకంట్రోలర్లకే ధరలు చుక్కలనంటాయి. ఆ రోజుల్లో గల్లీ సొరుగుల అడుగున మిగిలిపోయిన పాత సరుకుకు మళ్లీ గిరాకీ వచ్చింది.

ఇంటికొచ్చాక...

సామానంతా చేరింది. ఐదు కిలోల చిన్న లోడ్‌సెల్, దాని గుసగుసను అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్711 చిప్పున్న ఎర్రటి చిన్న బోర్డు, గోధుమ గీత రెసిస్టర్లు. తొమ్మిదో తరగతి పిల్లవాడు అన్నీ కలిపి తూకం యంత్రం చేశాడనుకుందాం. తెర మీద అంకెలు కదులుతుంటాయి. ఫ్యాన్ గాలికి కూడా కదులుతాయి! చిప్పు పెట్టె మీద 24 బిట్లని ఉంటుంది. అంటే కోటీ అరవై ఏడు లక్షల మెట్లు. వాటిలో చివరి ఆరేడు బిట్లు గోల తప్ప మరేమీ కాదని ఆ పిల్లవాడికి అప్పుడు తెలుస్తుంది. పక్క సంఖ్యలతో సగటు తీయడం, వైర్లు పొట్టిగా కత్తిరించడం, బల్లను ఫ్యానుకు దూరంగా జరపడం... ఇవన్నీ ఏ దుకాణంలోనూ దొరకని విడిభాగాలు.

ఇక మిగిలింది అంకెను అసలు బరువుతో కుదర్చడం. చాలామంది లీటరు నీళ్లు పోసి కిలో అనుకుంటారు. అది నాలుగు డిగ్రీల చల్లటి నీళ్లకు చెల్లే లెక్క. ముప్పై డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు నాలుగు గ్రాములు తక్కువ తూగుతాయి. పైగా లీటరు సీసా మీది గీతే సరిగ్గా ఉంటుందన్న నమ్మకం లేదు. చక్కెర ప్యాకెట్టు పెడదామంటే కవరు బరువు తోడవుతుంది. అన్నిటికన్నా నమ్మకమైనది వీధి చివర కిరాణా కొట్టులోనే ఉంటుంది. ఇనప కిలోరాయి. తిరగేస్తే అడుగున గుంటలో సీసం, సీసం మీద తూనికలు కొలతల శాఖ ముద్ర. కొట్టు కట్టేసే వేళకు వెళ్లి, ముద్ర ఎప్పటిదో చూసుకుని, అంచులు అరిగిపోని రాయిని ఒక్క రాత్రికి అడిగి తెచ్చుకోవాలి. పొద్దున మొదటి బేరానికి ముందే తిరిగిచ్చేయాలి.